నోటిమాట ఆర్డరు మీద మందు పెట్టాను, ఇప్పుడు సంజాయిషీ అడుగుతున్నారు

రాత్రిడ్యూటీ_నెల్లూరు
క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పూర్తిచేసి రెండేళ్లయింది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పని. ఆసుపత్రి పేరు మాత్రం అడగవద్దు.

మూడు వారాల క్రితం ఆత్మకూరు వైపు నుంచి అరవై దాటిన పెద్దాయనను తెచ్చారు. షుగరు, కాలి మీద పుండు, అక్కడి నుంచి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. సెలైన్లు ఎక్కిస్తూనే ఉన్నా రాత్రి రెండు గంటలకు బీపీ 70కి దిగింది. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు ఆయుర్వేదం చదివిన ఆయన, ఐసీయూలో ఏదైనా జరిగితే ఆయనే నా వైపు చూస్తారు. ఇంటి దగ్గరున్న ఫిజీషియన్‌కు ఫోన్ చేశాను. "నోరాడ్రినలిన్ మొదలుపెట్టు, పొద్దున వచ్చి మెడ దగ్గర పెద్ద నరంలో లైన్ వేస్తాను" అన్నారు. బీపీ పెంచే మందు అది. చేతి నరంలోనే మొదలుపెట్టాను, బీపీ లేచింది. నాలుగు గంటలకు మళ్లీ ఫోన్ చేసి లైన్ సంగతి అడిగాను. "పొద్దున చూద్దాం" అని పెట్టేశారు.

క్యాన్యులా, అంటే మందు ఎక్కించే సన్న గొట్టం, చెయ్యి వెనక వైపు ఉంది. అక్కడ మందు నరం బయటికి కారింది. తెల్లవారేసరికి చర్మం పాలిపోయింది, రెండు రోజుల్లో నల్లబడింది. ఆయన ప్రాణం నిలిచింది, చేతి మీద పుండుతో ఇంటికి వెళ్లారు. కొడుకులు వచ్చి గొడవ చేశారు. ఇప్పుడు నాకు మెమో: "డాక్టరు రాతపూర్వక ఆదేశం లేకుండా మందు ఎందుకు ప్రారంభించారు? మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను." కేస్ షీట్ చూస్తే ఆ రాత్రి ఆర్డర్లన్నిటి కింద డాక్టరు గారి సంతకం ఉంది, ఆ ఒక్కదాని కింద తప్ప.

నా బ్యాడ్జి మీద నర్స్ ప్రాక్టీషనర్ అని వేసింది వాళ్లే. ఆ మాటకు చట్టంలో ఏమైనా విలువ ఉందా? సంజాయిషీలో ఏమి రాయాలి?

చేపలపులుసు
మెమో అందిన తేదీ వేసి సంతకం పెట్టారా? మూడు రోజులు ఎప్పటి నుంచి లెక్క? ఇలాంటి మెమోలు శనివారం సాయంత్రం చేతికిస్తారు, మధ్యలో ఆదివారం కొట్టుకుపోతుంది. మా చెల్లెలికి అలాగే జరిగింది.

పాతతెల్లటోపీ
అమ్మాయీ, ముందు కాస్త అన్నం తిను. తర్వాత కూర్చుని ఆ రాత్రి జరిగింది గంటల వారీగా తెల్లకాగితం మీద రాసుకో. రేపటికి కొంత మరిచిపోతావు, ఎల్లుండికి ఇంకొంత.

నేను 34 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసి హెడ్ నర్సుగా రిటైర్ అయ్యాను. ఫోన్‌లో ఆర్డరు తీసుకోవడం మాకూ తప్పేది కాదు. కానీ డాక్టరు చెప్పింది తిరిగి ఆయనకే చదివి వినిపించేవాళ్లం, పక్కన ఇంకో నర్సు చేత కూడా వినిపించేవాళ్లం. 'ఫోన్ ఆర్డరు' అని షీట్‌లో రాసి, టైము వేసి, ఇద్దరమూ సంతకం పెట్టేవాళ్లం. మర్నాడు రౌండ్స్‌లో ఆయన సంతకం పడ్డాకే షీట్ వార్డు దాటేది. ఒక సర్జన్ గారు రేపు మాపు అంటూ తప్పించుకుంటుంటే షీట్ పట్టుకుని ఆయన కారు పక్కన నిలబడ్డాను. ఆయనకు కోపం వచ్చింది. సంతకమూ వచ్చింది.

నర్సెస్ నోట్స్‌లో నువ్వు ఏమి రాశావు? అది చెప్పు ముందు.

రాత్రిడ్యూటీ_నెల్లూరు
2:10కి 'డాక్టరు గారికి ఫోన్‌లో తెలిపాను, నోరాడ్రినలిన్ ప్రారంభించమన్నారు' అని ఉంది, డోసుతో సహా. 4:05కి 'లైన్ గురించి మళ్లీ అడిగాను' అని ఉంది. పక్కన వినడానికి ఇంకో నర్సు ఎక్కడమ్మా? నేనూ, ఒక ట్రైనీ అమ్మాయీ. రోగులు నలుగురు, అందులో ఇద్దరు వెంటిలేటర్ మీద.

సర్కారీస్టెత్
నేను దర్శి వైపు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరును. చెడ్డవాడినైనా ఫర్వాలేదు, చెబుతాను. నోరాడ్రినలిన్ చేతి నరంలో పెట్టడమే తప్పు. మెడ దగ్గర సెంట్రల్ లైన్ వేయకుండా మొదలుపెట్టను అని మీరు చెప్పి ఉండాల్సింది. ఫోన్‌లో ఎవరు ఏమి చెప్పినా సూది పట్టుకున్నది మీ చెయ్యి.

వెంటిలేటర్_మోత
@సర్కారీస్టెత్ డాక్టరు గారూ, అది పాత మాట. ఇలా ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకిన రోగుల చికిత్సకు రాసిన 2021 నాటి సర్వైవింగ్ సెప్సిస్ మార్గదర్శకాలు చూడండి. సెంట్రల్ లైన్ కోసం ఎదురుచూస్తూ ఆలస్యం చేయడం కంటే చేతి నరంలోనే మొదలుపెట్టమని అవే సూచిస్తున్నాయి. కాకపోతే రెండు షరతులు: కొద్దిసేపే, అదీ మోచేతి మడత దగ్గర లేదా అంతకు పై నరంలోనే. కాబట్టి మొదలుపెట్టడం తప్పు కాదు. చెయ్యి వెనక సన్న నరంలో నాలుగైదు గంటలు వదిలేయడం తప్పు. ఆ తప్పులో సగం పొద్దున చూద్దాం అన్న ఆయనది.

సర్కారీస్టెత్
సరే, ఒప్పుకుంటున్నాను. సూచన వరకు ఉంది. కానీ మీరే అన్నారు, చెయ్యి వెనక కాదని. కారిన సంగతి కనిపెట్టాక ఫెంటోలమైన్ వేశారా? 12 గంటలలోపు ఆ చోట చర్మం కింద వేస్తే చాలావరకు కాపాడవచ్చు.

రాత్రిడ్యూటీ_నెల్లూరు
కనిపెట్టగానే ఆపి ఇంకో చేతి మోచేతి దగ్గరికి మార్చాను, చెయ్యి ఎత్తి పెట్టి వెచ్చని గుడ్డ కప్పాను. ఫెంటోలమైన్ మా స్టోర్‌లో లేదు. అడిగినట్టు ఇండెంట్ పుస్తకంలో ఉంది.

మోచేతి నరం దొరకలేదని ఆ రాత్రి అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంకో ప్రయత్నం చేయవలసింది. మూడు వారాలుగా నిద్రలో వెతుకుతున్నది ఆ నరాన్నే.

రొట్టెలపండుగ
నేను ఆసుపత్రి మనిషిని కాదు, రోగి కొడుకును. మా నాన్న విషయంలోనూ ఇలాంటిది జరిగింది, ఊరు వేరు. ఇక్కడ అందరూ 'కొడుకులు గొడవ చేశారు' అంటున్నారు. చెయ్యి నల్లబడితే ఎందుకు నల్లబడిందో మాకు ఎవరూ చెప్పలేదు. ఒకరు షుగరు అన్నారు, ఒకరు రక్తం గడ్డకట్టింది అన్నారు. కౌంటర్ దగ్గరి మనిషి బిల్లు కట్టమన్నాడు. గొడవ పుట్టేది అక్కడ. మీరైనా ఆ కొడుకులతో మాట్లాడారా?

రాత్రిడ్యూటీ_నెల్లూరు
మాట్లాడవద్దని ఆఫీసులో చెప్పారు.

పొదిలి_సీహెచ్‌ఓ
నాది వేరే బాధ, కానీ వేరు ఒకటే. పల్లె క్లినిక్‌లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరును. బీఎస్సీ నర్సింగ్, పైన ఆరు నెలల శిక్షణ. బోర్డు మీద 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు అని రాసి ఉంటుంది. జనం లోపలికి వస్తూనే 'డాక్టరమ్మా' అంటారు. నేను కాదంటే నమ్మరు, నమ్మితే రారు.

బీపీ, షుగరు బిళ్లలు పీహెచ్‌సీ డాక్టరు గారు రాసింది చూసి నెలనెలా ఇస్తాను. కొత్త జబ్బు అయితే ఈ-సంజీవనిలో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో, డాక్టరును కలుపుతాను. సిగ్నల్ ఉన్న రోజు. లేని రోజు నేనూ ఆ ముసలమ్మా తిరిగే చక్రం వైపు చూస్తూ కూర్చుంటాం. ఈలోగా పక్క వీధి ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది, దానికి తోడు స్టెరాయిడ్, యాభై రూపాయలు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు వెళ్లి వచ్చే వాళ్లకు నడుము నొప్పి వారానికి ఒకసారి. నేను సూది వేయనంటే 'నీకు చదువు రాదా?' అని అడిగింది ఒకామె.

ఒకసారి సర్పంచి గారి మనవడికి జ్వరం, చీటీ మీద సిఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రాసివ్వమన్నారు. రాశాను. ఆ రోజు నుంచి భయమే. నేను రాయవచ్చా?

కావలి_మందులకొట్టు
@పొదిలి_సీహెచ్‌ఓ రాయకూడదమ్మా. నేను ఇవ్వకూడదు. సిఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1లో ఉంది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా అది. చీటీ రాసిన డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చాను, అన్నీ వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. అక్కడ మీ పేరు రాస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు నా లైసెన్సు, మీ ఉద్యోగం ఒకే పేజీలో ఉంటాయి.

కొట్టు మూసి చేపల పులుసుతో అన్నం తినే వేళకు ఇది చదువుతున్నాను, ఆ పేరు పెట్టుకున్న ఆయన ఎవరో గాని ఆకలి రెట్టింపు చేశారు.

చేపలపులుసు
రండి, మామిడికాయ కూడా వేశాం.

సర్కారీస్టెత్
పొదిలి అమ్మాయికి తేడా చెప్పాలి. క్లినిక్‌లో ప్రభుత్వం పంపిన మందు ప్రభుత్వ కార్యక్రమం కింద ఇవ్వడం వేరు, బయటి షాపుకు చీటీ రాయడం వేరు. మొదటిదానికి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ కె అని ఒకటి ఉంది, పీహెచ్‌సీలు, సబ్ సెంటర్ల నర్సులు, ఏఎన్ఎంలు, చివరికి అంగన్‌వాడీ కార్యకర్తలు ఇచ్చే మందులకు కూడా అమ్మకపు లైసెన్సు అక్కర్లేదని మినహాయింపు. రెండోదానికి అలాంటి నీడ ఏదీ లేదు. ఇకపై చీటీ అడిగితే నాలాంటి వాడికి ఫోన్ చేయండి. తిట్టుకుంటూనే ఎత్తుతాం.

పాతతెల్లటోపీ
డాక్టరు గారు బాగా చెప్పారు. ఇంకొకటి కలుపుతాను. కాన్పు గదిలో మాకు ఎన్ని అధికారాలు ఇచ్చారో చూడండి. బిడ్డ పుట్టగానే తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు వేయడం, ఫిట్స్ వచ్చిన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపే ముందు మెగ్నీషియం సల్ఫేట్ పిరుదుకు ఐదేసి గ్రాములు చొప్పున పది గ్రాములు వేయడం, ఇవి ఏఎన్ఎం కూడా చేయవచ్చని కేంద్రమే రాసి ఇచ్చింది. కనిగిరి దాటి ఎక్కడో ఒక సబ్ సెంటర్‌లో, లాంతరు వెలుగులో అలా వేసి జీపు ఎక్కించిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లను ఎవరూ సంజాయిషీ అడగలేదు. ఎందుకంటే ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో, వేసి ఏమి చేయాలో కాగితం మీద ఉంది. ఐసీయూలో అంతకంటే పెద్ద చదువు చదివిన అమ్మాయికి ఆ కాగితం లేదు.

ఒంగోలు_నల్లకోటు
ఆలస్యంగా చూశాను, వాయిదాకు వెళ్లాను. ఆసుపత్రుల కేసులు రెండు వైపులా వాదించాను కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

బ్యాడ్జి సంగతి ముందు. మన రెండు జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలపు 1926 నర్సుల చట్టం కింద మీరు నమోదైన నర్సు. జాతీయ స్థాయిలో 1947 చట్టం, దాని స్థానంలోకి 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. వీటిలో ఏదీ మీకు డాక్టరులా సొంతంగా మందు రాసే కలం ఇవ్వదు. మీ కోర్సు సిలబస్ తయారుచేసిన నర్సింగ్ కౌన్సిల్ కూడా సంస్థ ప్రోటోకాల్స్, స్టాండింగ్ ఆర్డర్ల (ముందే రాసి ఆమోదించి పెట్టిన ఆదేశాల) ప్రకారం మందులు ఇవ్వవచ్చు, పరీక్షలు చెప్పవచ్చు అనే అన్నది. అంటే మీ అధికారం మీ డిగ్రీలో సగం, మీ ఆసుపత్రి ఫైల్లో సగం ఉంది. ఆ ఫైలు లేకపోతే మిగిలింది సగమే. ఉందా అని మీరు సంజాయిషీలోనే అడగండి: "నర్స్ ప్రాక్టీషనర్లకు సంస్థ ఆమోదించిన స్టాండింగ్ ఆర్డర్ల ప్రతి ఇప్పించగలరు." అది ప్రశ్నలాగే కనిపిస్తుంది. జవాబు వాళ్లకే ఇబ్బంది.

2019 మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ ఒకటి ఉంది, 'కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్' అని. పేరు విని పొదిలి చెల్లెమ్మ తనదే అనుకోవద్దు. అది వేరే పరిమిత లైసెన్సు, సొంతంగా రాయడం ప్రాథమిక, నివారణ వైద్యం వరకే. ఐసీయూకు అసలే సంబంధం లేదు. పక్కనే 34వ సెక్షన్: నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇక్కడ ఒక తమాషా. చట్టంలో ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, నమోదైన డాక్టరు. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే ఎక్కడా నమోదు కాని ఆయన. కోర్టులో ఒక సాక్షి 'మా ఆర్ఎంపీ గారే చూశారు' అంటే జడ్జి గారు ఏ కౌన్సిల్ నంబరు అని అడిగారు. సాక్షి ఫోన్ నంబరు చెప్పాడు.

ఇది నవ్వుకోవడానికి మాత్రమే కాదు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐదేళ్ల వరకు శిక్ష, అదే చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అయితే రెండేళ్ల వరకే. ఆ నిర్వచనం డాక్టర్లకే. నర్సు అందులోకి రాదు. ఒకే మంచం పక్కన నిలబడ్డ ఇద్దరికి రెండు లెక్కలు. మీ రోగి బతికారు కాబట్టి మీకు ఇది వర్తించదు. గాయం అయితే 125వ సెక్షన్. దానికీ మామూలు పొరపాటు చాలదు, 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు తీవ్రమైన నిర్లక్ష్యం కనబడాలి. కాబట్టి రాత్రులు జైలు గురించి ఆలోచించడం మానండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే అవకాశం ఎక్కువ, నెల్లూరులోనే ఉంది. రెండేళ్ల గడువు. అక్కడ ఉద్యోగి చేసిన పనికి ఆసుపత్రే జవాబుదారీ. ఐసీయూలో రాత్రంతా ఆయుర్వేద డాక్టరును కూర్చోబెట్టడం గురించి ఆసుపత్రిని ముందుగా అడుగుతారు, ఒక వైద్యం చదివినవాళ్లు ఇంకో వైద్యం చేయడం మీద 1996, 1998 సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. అందుకే బహుశా మెమో మీ దగ్గరికి ఇంత తొందరగా వచ్చింది.

ఫోన్‌లో ఆయన చెప్పినట్టు కాల్ జాబితా కాక ఇంకేమైనా ఆధారం ఉందా?

రాత్రిడ్యూటీ_నెల్లూరు
చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను సార్.

2:14కి పంపు సెట్టింగు, మానిటరు కనిపించేలా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను, 'మొదలుపెట్టాను సార్' అని. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టారు. అంతే.

చేపలపులుసు
బొటనవేలా! మన తాతల నాటి నుంచి చెల్లుబాటయ్యే సంతకం అదే కదా.

ఒంగోలు_నల్లకోటు
నవ్వవద్దు, అది పనికొస్తుంది. ఆ ఫోన్ మార్చవద్దు, రిపేరుకు ఇవ్వవద్దు, ఆ సంభాషణలో ఒక్క అక్షరం తీసేయవద్దు. కోర్టు దాకా వెళితే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రంతో పెట్టాలి, దానికి అసలు ఫోన్ ఉండాలి. స్క్రీన్‌షాట్ సంజాయిషీకి జత చేయండి.

కానీ రోగి ముఖం, పేరు ఫొటోలో ఉంటే అవి కప్పి జత చేయండి. లేకపోతే రెండో మెమో దానికే వస్తుంది.

రాత్రిడ్యూటీ_నెల్లూరు
ఇంకొకటి చెప్పాలి. దాచి లాభం లేదు. మూడు నుంచి ఐదు వరకు క్యాన్యులా చోటు చూసినట్టు నోట్స్‌లో ఎక్కడా లేదు. 4:05 నోటు కూడా ఫోన్ గురించే. నేను చూశాను, కనీసం రెండుసార్లు. మూడో మంచం ఆయన ట్యూబ్ లాగేసుకున్నాడు, రాయడానికి చెయ్యి ఖాళీ లేదు.

చేపలపులుసు
ఖాళీ వరుసలు ఉన్నాయా? అయితే ఇప్పుడు రాసేయండి. ఎవరు చూడబోతారు?

ఒంగోలు_నల్లకోటు
వద్దు. వద్దే వద్దు. ఇప్పటిదాకా మీరు ఒక రాత్రి పని ఎక్కువైన నర్సు. ఆ వరుస నింపిన మరుక్షణం రికార్డు దిద్దిన మనిషి. కొడుకులు అడిగితే కేస్ షీట్ నకలు 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమావళే చెబుతుంది. వాళ్లు ఇప్పటికే తీసుకుని ఉండవచ్చు. వాళ్ల నకలులో ఖాళీ, మీ షీట్‌లో అక్షరాలు ఉంటే ఇక నేను కాదు, ఎవరూ వాదించలేరు.

పాతతెల్లటోపీ
వకీలు గారి మాట విను. ఆలస్యంగా రాయడానికి మాకు ఒక మర్యాదైన దారి ఉండేది. 'ఆలస్యంగా నమోదు' అని మొదట రాసి, రాస్తున్న నాటి తేదీ, టైము వేసి రాయడం. అదీ ఆ డ్యూటీలోనో, మర్నాడో. మెమో వచ్చాక షీట్ ముట్టుకోకూడదు. ఆ సంగతి సంజాయిషీలోనే చెప్పు. చూశాను, రాయలేకపోయాను, కారణం ఇది అని. నలుగురు రోగులకు ఒక్క నర్సు ఉన్నట్టు డ్యూటీ రోస్టరు నకలు అడుగు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఒకరికి ఒకరు చొప్పున ఉండాలని కౌన్సిల్ లెక్క.

వెంటిలేటర్_మోత
ఇద్దరు వెంటిలేటర్ రోగులు అంటే అక్కడికే ఇద్దరు నర్సులు. మిగతా ఇద్దరిని గోడ చూసుకుంటుంది కాబోలు.

కోవూరు_టు_డాలస్
నేను టెక్సస్‌లో నర్స్ ప్రాక్టీషనర్‌ను, పుట్టింది కోవూరు. ఇక్కడ ఈ వృత్తి 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది, ఒక నర్సు, ఒక పిల్లల డాక్టరు కలిసి పెట్టారు. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు ఒప్పందం లేకుండానే మేము సొంతంగా చూడవచ్చు, రాయవచ్చు. మా టెక్సస్ అందులో లేదు. ఇక్కడ నేను మందు రాయాలంటే ఒక డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మామూలు క్లినిక్‌లలో ఒక డాక్టరు అలా ఏడుగురితోనే చేసుకోవచ్చు. షెడ్యూల్ 2 మందులు, అంటే గట్టి నొప్పి మందుల వంటివి, ఆసుపత్రిలోనో, చివరి దశ రోగులను చూసే హాస్పిస్‌లోనో తప్ప రాయలేను.

అక్కడివాళ్లు అమెరికాలో నర్సుకు పూర్తి స్వేచ్ఛ అనుకుంటారు. స్వేచ్ఛ ఉన్నచోట చీటీ కింద నా పేరే, నోటీసు మీదా నా పేరే. అందుకే ఆసుపత్రి తీసిన ఇన్సూరెన్స్ కాక నాది నేను వేరే తీసుకున్నాను. ఆసుపత్రి వకీలు ఆసుపత్రిని కాపాడతాడు. ఇద్దరి దారీ ఒకటే అయినంత వరకు నన్ను కూడా. చెల్లీ, నీకు సొంత ఇండెమ్నిటీ పాలసీ ఉందా?

రాత్రిడ్యూటీ_నెల్లూరు
లేదక్కా. జీతంలో నుంచి పీఎఫ్, మెస్, యూనిఫాం కోసుకుంటారు. పాలసీ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫైనలియర్_బుజ్జి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది. ఈ కోర్సులో చేరుదామని అనుకుంటున్నాను. ఇక్కడ చేసి నేరుగా అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్‌గా చేరవచ్చా? జీతం ఎంత ఉంటుంది?

కోవూరు_టు_డాలస్
నేరుగా కుదరదు. ముందు ఎన్‌క్లెక్స్ అనే ఇక్కడి నర్సు లైసెన్సు పరీక్ష రాసి రిజిస్టర్డ్ నర్సు కావాలి. తర్వాత ఇక్కడి నర్స్ ప్రాక్టీషనర్ పీజీ చదవాలి, ఆపైన జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష. నాకు మొత్తం తొమ్మిదేళ్లు పట్టింది, మధ్యలో ఇద్దరు పిల్లలు.

వెంటిలేటర్_మోత
బుజ్జీ, జీతం అడిగావు కాబట్టి. సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ 2016లోనే యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదు, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి అని సిఫారసు చేసింది. మా మేనేజరుకు ఆ కాగితం చూపించాను. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నారు.

పాతతెల్లటోపీ
ఇది సంజాయిషీ చర్చ. జీతం మీద వేరే చర్చ పెట్టుకోండి, నేనూ వస్తాను.

సర్కారీస్టెత్
నేను మొదట కాస్త కటువుగా రాశాను. రోగి బీపీ 70 ఉన్నప్పుడు 'లైన్ వేసేదాకా మొదలుపెట్టను' అని నర్సు అంటే ఏమయ్యేదో నాకూ తెలుసు. పొద్దున ఆయన ఉండేవారు కాదు, అప్పుడూ మెమో ఆమెకే వచ్చేది. నేను అంటున్నది ఇంతే: మొదలుపెట్టండి, కానీ 'పొద్దున చూద్దాం' అన్నప్పుడు ఆ మాట ఆయన చేతనే మెసేజ్‌లో రాయించండి. 'సార్, లైన్ ఉదయం వేస్తామన్నారు, అప్పటిదాకా చేతి నరంలోనే కొనసాగించాలి కదా?' అని ఒక్క వరుస. డాక్టరు నిద్రమత్తులో ఉన్నా ఆ వరుస చదివితే లేచి కూర్చుంటాడు. నేను లేస్తాను.

రొట్టెలపండుగ
ఆ పెద్దాయన చెయ్యి ఎలా ఉందో ఎవరైనా కనుక్కున్నారా?

రాత్రిడ్యూటీ_నెల్లూరు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. అందరికీ జవాబు ఇవ్వలేకపోయాను.

వకీలు గారు చెప్పినట్టే రాశాను. ఎవరినీ ఒక్క మాట అనలేదు, టైములు, మాటలు, నకళ్లు అంతే. రాయని రెండు గంటల సంగతీ రాశాను. విచారణకు పిలిచారు. డాక్టరు గారు 'ఫోన్ వచ్చింది నిజమే, లైన్ వేసిన తర్వాత మొదలుపెట్టమన్నాను' అన్నారు. మెడికల్ సూపరింటెండెంట్ గారు స్క్రీన్‌షాట్ ఆయన ముందు పెట్టి, 'మొదలుపెట్టాను అన్నదానికి మీరు బొటనవేలు పెట్టారు కదా, మరి లైన్ ఎక్కడుంది?' అని అడిగారు. ఆయన చాలాసేపు నీళ్లు తాగారు.

ఆర్డరు లేకుండా ప్రారంభించాను అన్న అభియోగం తీసేశారు. నోట్స్ రాయనందుకు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చారు. అది న్యాయమే. స్టాండింగ్ ఆర్డర్ల ఫైలు అప్పటిదాకా లేదని అదే రోజు తెలిసింది. ఇప్పుడు తయారుచేశారు, ఎనిమిది పేజీలు. నోరాడ్రినలిన్ రెండో పేజీలో ఉంది: మోచేతి నరం, గంటగంటకు చోటు చూసి సంతకం, ఆరు గంటలు దాటితే డాక్టరు స్వయంగా రావాలి. ముగ్గురు డాక్టర్లు సంతకం పెట్టారు. నాలుగో ఆయన ఇంకా చదువుతున్నారట.

పెద్దాయనను చూడడానికి ఆదివారం ఆత్మకూరు వెళ్లాను, ఆఫీసులో చెప్పకుండా. పెద్ద కొడుకు గుమ్మంలోనే నిలబెట్టాడు. లోపలి నుంచి ఆయనే 'ఆ అమ్మాయేనా?' అని పిలిచారు. చర్మం అతికించారు, వేళ్లు ముడుస్తున్నారు, చూపుడు వేలు తప్ప. మజ్జిగ ఇచ్చారు. ఏమి జరిగిందో నేనే చెప్పాను, సూది ఎక్కడ పెట్టానో కూడా. వినియోగదారుల కమిషన్‌కు వెళతారో లేదో అడగలేదు.

ఒంగోలు_నల్లకోటు
వకీలుగా అయితే వెళ్లవద్దని చెప్పేవాణ్ణి. సరే, వెళ్లారు. అక్కడ కాగితాల మీద ఏమైనా సంతకం చేశారా?

రాత్రిడ్యూటీ_నెల్లూరు
లేదు సార్. మజ్జిగ తాగి వచ్చాను.

ఫైనలియర్_బుజ్జి
అక్కా, అయితే ఆ కోర్సు చదవమంటారా, వద్దంటారా?

రాత్రిడ్యూటీ_నెల్లూరు
చదువు బుజ్జీ. ఆ రాత్రి బీపీ ఎందుకు పడుతోందో నాకు తెలిసింది ఆ చదువు వల్లే. చేరే ముందు ఆసుపత్రిలో స్టాండింగ్ ఆర్డర్ల ఫైలు చూపించమని అడుగు, చూపించేదాకా కుర్చీలోంచి లేవకు.

ఒక సంగతి చెప్పడం మరిచాను. నిన్న నా బ్యాడ్జి వెనక్కి తీసుకున్నారు. కొత్తదాని మీద 'సీనియర్ స్టాఫ్ నర్సు' అని ఉంది. పని మాత్రం అదే, మంచాలు అవే.

పాతతెల్లటోపీ
హోదా మార్చినట్టు కాగితం ఇచ్చారా?

రాత్రిడ్యూటీ_నెల్లూరు
లేదమ్మా. ఫోన్ చేసి చెప్పారు.